బుట్టెడు పూలు, రెండే చేతులు

ఈసారి గోడపత్రికకు సైన్సు గురించి రాస్తానంటే మా బెంచీ వాళ్ళు నవ్వారు. ప్లస్ టూలో నాది కామర్స్ గ్రూపు. ఎంజైము అనే మాట బట్టల సబ్బు ప్రకటనలో తప్ప నేనెక్కడా వినలేదు. అయినా రాస్తున్నాను. కారణం మా మామ కాలు.

పోయిన ఏడాది మా ఇంట్లో పెళ్ళి. ముందు రోజు రాత్రి మామ, ఆయన స్నేహితులు కూర్చుని తాగారు. పదకొండింటికి మామ పడుకున్నాడు. తెల్లారి ఐదింటికి లేచి, చన్నీళ్ళు పోసుకుని, రెండు గ్లాసుల కాఫీ తాగి, అవ్వ పిండిచ్చిన నిమ్మకాయ నీళ్ళు కూడా తాగి, "అంతా దిగిపోయింది పో" అంటూ అరిటాకులు తేవడానికి కోయంబేడుకు బండి తీశాడు. మలుపులో పడ్డాడు. ఆస్పత్రిలో రక్తం పరీక్ష చేసి, ఒంట్లో మందు ఇంకా ఉందన్నారు. మా ఇంట్లో ఒక్కరూ నమ్మలేదు. "ఆరు గంటలు నిద్రపోయినాడే, కాఫీ తాగినాడే!" అని అవ్వ ఇప్పటికీ వాదిస్తుంది.

బయోకెమిస్ట్రీ చదివే నా స్నేహితురాలిని అడిగితే నోటుబుక్కులో ఒక గీత గీసి చూపించింది. మొదట నిటారుగా లేచి, మెల్లగా వంగి, చివరికి చాప పరిచినట్టు సాగిపోయే గీత. ఆమె ఇంగ్లీషులో చెప్పింది, నేను తమిళంలో అడిగాను, అర్థం కావడం మాత్రం ఇంటికెళ్ళి అవ్వ పూలు కడుతుంటే చూసినప్పుడు తెలుగులో అయింది.

ఎంజైము అంటే ఒక పదార్థాన్ని ఇంకో పదార్థంగా మార్చే పనిని వేగంగా జరిపించే ప్రోటీను. పట్టుకుంటుంది, మారుస్తుంది, వదిలేస్తుంది, మళ్ళీ ఇంకోదాన్ని పట్టుకుంటుంది. తను మాత్రం ఖర్చైపోదు. అది పట్టుకునే పదార్థం పేరు సబ్‌స్ట్రేట్. పాఠ్యపుస్తకాల్లో 'అధస్థ పదార్థం' అని ఉంది. మేడమ్‌లు క్షమించాలి, నేను సబ్‌స్ట్రేట్ అనే రాస్తాను.

మా అవ్వ పూలు కట్టి మూర లెక్కన అమ్ముతుంది. అవ్వ చేతులు ఎంజైము, విడి మొగ్గలు సబ్‌స్ట్రేట్, కట్టిన మూర తయారైన సరుకు. చేటలో నాలుగే మొగ్గలు చెదిరి ఉన్నాయనుకోండి. చేతులు వెతుక్కోవడానికే సమయం పోతుంది. రెట్టింపు మొగ్గలు పోస్తే పని దాదాపు రెట్టింపు వేగంతో సాగుతుంది. గీత నిటారుగా లేచేది ఇక్కడే. ఇంకా పోస్తే వేగం పెరుగుతుంది కానీ అంత పెరగదు. ఇక బుట్టెడు పూలు తెచ్చి కుమ్మరిస్తే? ఫోను ముందు పెట్టుకుని లెక్కపెట్టాను. నిమిషానికి 20 ముళ్ళు దాటలేదు. వెతకడం అనేదే లేదు, చెయ్యి ఒక్క క్షణం ఖాళీగా లేదు, కానీ ముడి వెయ్యడానికి పట్టే సమయం పట్టే తీరుతుంది. రెండో బుట్ట తెచ్చిపెట్టినా అంతే. వేగం పెరగాలంటే అమ్మ కూడా వచ్చి పక్కన కూర్చోవాలి, అంటే చేతులు పెరగాలి.

ఈ సంగతిని లెక్కల్లో పెట్టినవాళ్ళు ఇద్దరు, 1913లో, బెర్లిన్‌లో. ఒకరు లియోనోర్ మైకేలిస్ (ఆడపేరులా ఉంది గానీ మగాయనే). రెండోవారు మాడ్ మెంటెన్, కెనడా నుంచి వచ్చిన వైద్యురాలు. ఈస్టు నుంచి వచ్చే ఇన్వర్టేజ్ అనే ఎంజైము పంచదారను గ్లూకోజుగా, ఫ్రక్టోజుగా విడగొడుతుంది. ఆ పని జరిగేకొద్దీ, ద్రావణంలోంచి పోయే ఒకరకం కాంతి తిరిగే కోణం మారుతుంది. ఆ కోణాన్ని కొలుస్తూ, పంచదార ఎంత ఉంటే వేగం ఎంతో చూశారు. మొదటి కొద్ది నిమిషాల వేగాన్నే తీసుకున్నారు, ఎందుకంటే తర్వాత చేటలో పూలు తగ్గిపోతాయి కదా. మెంటెన్ గారికి పిట్స్‌బర్గ్ విశ్వవిద్యాలయంలో పూర్తి ప్రొఫెసర్ హోదా వచ్చేసరికి దాదాపు డెబ్బై ఏళ్ళు. ఇది నా వ్యాసానికి అవసరం లేదు, కానీ ఆడపిల్లల కాలేజీ గోడ మీద ఉండాలనిపించింది.

ఎంజైము తన గరిష్ఠ వేగంలో సగానికి చేరడానికి ఎంత సబ్‌స్ట్రేట్ కావాలో ఆ కొలతను కే-ఎమ్ అంటారు. దానికి 9 రెట్లు పోస్తే వేగం 90 శాతానికి చేరుతుంది. 99 శాతానికి మాత్రం 99 రెట్లు పొయ్యాలి. కే-ఎమ్ చిన్నదైతే ఆ ఎంజైము కొద్దిపాటి పూలకే చేతులు నింపేసుకుంటుందన్నమాట.

మామ కాలేయంలో మద్యాన్ని మార్చే ముఖ్యమైన ఎంజైము, ఆల్కహాల్ డీహైడ్రోజినేజ్, అలాంటిదే. బండి నడిపేవాళ్ళకు మన చట్టం పెట్టిన హద్దు 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములు. అంతకన్నా తక్కువకే ఆ ఎంజైము చేతులు నిండిపోతాయి. ఆ పైన ఎంత తాగినా క్యూ పొడవు పెరుగుతుందే తప్ప పని వేగం పెరగదు. సుమారుగా గంటకు 15 మిల్లీగ్రాములు తగ్గుతుంది, మనిషిని బట్టి కొంచెం అటూఇటూ. పదకొండింటికి మామ రక్తంలో 150 ఉందనుకుందాం. ఆరు గంటల్లో తగ్గేది 90. ఐదింటికి ఇంకా 60, అంటే హద్దుకు రెట్టింపు. కాఫీ నిద్రమత్తును కొంచెం వదిలిస్తుంది, ఎంజైముకు కొత్త చేతులు ఇవ్వదు.

ఇదే ఎంజైము ఇంకోచోట ప్రాణం తీస్తుంది. 2024 జూన్‌లో కళ్ళకురిచ్చిలో మెథనాల్ కలిసిన సారా తాగి 60 మందికి పైగా చనిపోయారు. మా వీధి టీకొట్టులో వారం రోజులు అదే మాట. మెథనాల్ మారకుండా ఉన్నంతసేపు అంత హాని చేయదట. ఆల్కహాల్ డీహైడ్రోజినేజ్ దాన్ని పట్టుకుని ఫార్మాల్డిహైడ్‌గా మారుస్తుంది, అది ఫార్మిక్ ఆమ్లం అవుతుంది, ఆ ఆమ్లం చూపును తీసేస్తుంది, రక్తాన్ని పుల్లబరుస్తుంది. అందుకే డాక్టర్లు ఎంజైము చేతులను వేరే పనిలో పెడతారు. ఫోమెపిజోల్ అనే మందు ఇస్తే అది వెళ్ళి ఆ చేతుల్ని పట్టుకు కూర్చుంటుంది. అది దొరకనిచోట ఇథనాల్‌నే, అంటే మామూలు మద్యంలో ఉండేదాన్నే, కొలిచి ఇస్తారు. రెండు రకాల మొగ్గలూ ఎదురుగా ఉంటే ఈ ఎంజైము ఇథనాల్ వైపే ఎక్కువగా చెయ్యి చాపుతుంది. మెథనాల్ కట్టబడకుండా మిగిలి, మెల్లగా బయటికి పోతుంది. ఎక్కువగా ఉంటే డయాలసిస్ చేసి తీస్తారు. ఇదంతా గంటగంటకూ రక్తం చూస్తూ ఆస్పత్రిలో చేసే పని. ఇంట్లో ఎవరికైనా అలాంటిది జరిగితే మందు పోసి చూద్దాం అనుకోకుండా వెంటనే తీసుకెళ్ళాలి.

మొన్న ఆదివారం ఇదంతా అవ్వకు చెప్పాను. పూలు కడుతూనే విన్నది. చివరికి, "అట్లయితే నేను పిండిచ్చిన నిమ్మకాయ నీళ్ళు దేనికి పనికొచ్చినట్టు?" అనింది.

"దాహానికి, అవ్వా" అన్నాను.

ముడి వేస్తున్న చెయ్యి ఆపి నన్నొక చూపు చూసి, మళ్ళీ మొదలుపెట్టింది.