ఇంగ్లండులో ఇల్లా? గొట్టం బిగించే ముందే చెప్పాలి!
* హెల్త్ ఫాసెట్‌కూ నీటి సంస్థ అనుమతి
* బాయిలర్ పత్రం లేకుంటే ఇల్లు అమ్మేటప్పుడు చిక్కులు

గుంటూరు: మన పట్టణాల్లో స్నానాలగదిలో గొట్టం మార్చాలన్నా, గీజరు బిగించాలన్నా ప్లంబరును పిలిచి కూలి ఇస్తే పని ముగిసినట్లే. ఇంగ్లండులో అలా కుదరదు. కొన్ని పనులను ముందుగానే తెలియజేయాలి. గుంటూరు, తెనాలి, మంగళగిరి ప్రాంతాల నుంచి వెళ్లి అక్కడ ఇళ్లు కొనుక్కుంటున్న వారు, ఇక్కడి వారి తల్లిదండ్రులు తెలుసుకోవలసిన అంశాలివి.

ఇద్దరికి చెప్పాలి
గ్యాసు, వేడినీటి ఏర్పాట్లు 2010 నాటి భవన నిబంధనల పరిధిలోకి వస్తాయి. వీటిని స్థానిక కౌన్సిల్‌కు తెలియజేయాలి. మంచినీటి గొట్టాలకు 1999 నాటి నీటి అమరికల నిబంధనలు వర్తిస్తాయి. వీటి విషయం ఆ ప్రాంతపు నీటి సరఫరా సంస్థకు చెప్పాలి. ఒకరికి చెబితే మరొకరికి చెప్పినట్లు కాదు.

హెల్త్ ఫాసెట్‌తోనే చిక్కు
మనవారు కొత్త ఇంట్లో మొదట బిగించుకునేది మరుగుదొడ్డి పక్కన హెల్త్ ఫాసెట్. ముందుగా తెలియజేయవలసిన వాటిలో ఇలాంటి వంగే గొట్టపు అమరిక కూడా ఉంది. మన ఇళ్లలో నీరు డాబాపై ట్యాంకు నుంచి దిగుతుంది. అక్కడ చాలా ఇళ్లలో వీధి గొట్టం నుంచి నేరుగా వస్తుంది. గొట్టం కొస మరుగుదొడ్డి నీటిలో పడి ఉన్నప్పుడు వీధిలో నీటి ఒత్తిడి పడిపోతే ఆ మురికినీరు వెనక్కి లాగబడి తాగునీటిలో కలిసే ప్రమాదం ఉంది. సాధారణ వాల్వు బిగిస్తే సరిపోదు. మధ్యలో చిన్న ట్యాంకు పెట్టి గాలి ఖాళీ ఉంచవలసి ఉంటుంది.

ఆర్వో యంత్రం, నిమిషానికి 12 లీటర్లకు మించి తోడే పంపు, 230 లీటర్లకు మించిన స్నానపుతొట్టి కూడా ఈ జాబితాలోనివే. అనుమతి రాకముందే పని మొదలుపెట్టరాదు. 10 పనిదినాల్లో జవాబు రాకపోతే అనుమతి లభించినట్లే భావిస్తారు. ఉల్లంఘిస్తే 1,000 పౌండ్ల వరకు జరిమానా పడవచ్చు.

బాయిలర్ ఎవరు బిగించాలి?
గ్యాసు పనిని గ్యాస్ సేఫ్ రిజిస్టర్‌లో నమోదైన వారే చేయాలి. 2009 ఏప్రిల్ 1న కోర్గి స్థానంలో ఈ రిజిస్టర్ వచ్చింది. గుర్తింపుకార్డు ముందువైపు గడువును, వెనుకవైపు ఏయే పనులకు అర్హత ఉందో చూసుకోవాలి. పని ముగిసిన 30 రోజుల్లో ఆయన ద్వారానే కౌన్సిల్‌కు సమాచారం వెళుతుంది, ఇంటివారికి ధ్రువపత్రం అందుతుంది. కొత్త బాయిలర్‌తోపాటు కార్బన్ మోనాక్సైడ్ అలారం తప్పనిసరి. ఆ విషవాయువుకు రంగు, వాసన ఉండవు.

ఉన్న చోటనే కుళాయి, వాష్‌బేసిన్ మార్చుకోవడానికి ఎవరికీ చెప్పనక్కరలేదు.

అద్దెకున్న వారికి
యజమాని 12 నెలలకోసారి గ్యాసు పరికరాలను తనిఖీ చేయించాలి. ఆ పత్రం నకలును 28 రోజుల్లో ఇవ్వాలి. కొత్తగా చేరేవారికి ఇంట్లో దిగకముందే ఇవ్వాలి. విద్యార్థులు దీనిని అడిగి తీసుకోవడం మేలు.

చెప్పకుండా చేయిస్తే..
ఇల్లు అమ్మేటప్పుడు కొనుగోలుదారు న్యాయవాది ఈ ధ్రువపత్రాలు అడుగుతారు. లేకపోతే బేరం ఆగిపోవచ్చు. కౌన్సిల్‌కు రుసుము చెల్లించి పాత పనిని క్రమబద్ధం చేయించుకునే వీలుంది. నిబంధనలకు విరుద్ధంగా ఉన్న పనిని మార్పించేందుకు కౌన్సిల్‌కు ఒకప్పుడు ఏడాది గడువే ఉండేది. 2023 అక్టోబరు 1 నుంచి దానిని పదేళ్లకు పెంచారు.

అందుకే ఇల్లు కొనే ముందు బాయిలర్ పత్రాలు అడగాలి. ప్లంబరు సంచి విప్పకముందే ‘ఈ పని ఎవరికి చెప్పాలి, మీరు చెబుతారా, నేను చెప్పాలా’ అని తేల్చుకోవాలి.