ప్రవారణ పూర్ణిమ



బౌద్ధుల పండుగలలో వైశాఖపూర్ణిమ మన మెఱిఁగినదే. ఆశ్వయుజపూర్ణిమనాఁడు వచ్చు మఱియొక పర్వము గలదు. దానిపేరు ప్రవారణ. నేఁడు దానినిగూర్చి చెప్పెదను.

వానకాలమున మూఁడునెలలు భిక్షువులు ఒకచోటనే యుండవలెనని నియమము. ఆషాఢపూర్ణిమ మఱునాఁడు మొదలై ఆశ్వయుజపూర్ణిమతో ముగియు నీ వ్రతమునకు వర్షావాసమని పేరు. ఇది మన యతుల చాతుర్మాస్యము వంటిది. వానలలో భిక్షువులు తిరుగుచు పచ్చిక త్రొక్కుచున్నారు, చిన్న ప్రాణులను చంపుచున్నారు అని జనులు నిందింపఁగా, బుద్ధుఁడు ఈ కట్టడి చేసెనని వినయపిటకము చెప్పుచున్నది.

పలువురు ఒకే యింట మూఁడునెలలు మెలఁగుట యెంత కష్టమో, ఉమ్మడికుటుంబములు నడపిన మీకు నేను చెప్ప నక్కఱలేదు. కోసలదేశమున కొందఱు భిక్షువులు తగవులు రాకుండుటకై యొక యుపాయము పన్నిరి. వర్షావాసమంతయు ఒకరితో నొకరు పలుకకయే గడపిరి. పిమ్మట శ్రావస్తికి వచ్చి, సుఖముగా నుంటిమని బుద్ధునితో చెప్పుకొనిరి. ఆయన మెచ్చుకొనలేదు. అది పశువులు కలిసి యుండుటవంటిదని మందలించి, మౌనమునకు మాఱుగా ప్రవారణను విధించెను.

ఆ విధి యిట్టిది. పూర్ణిమనాఁడు సంఘము కూడును. అందఱికంటె పెద్దవాఁడు ఉత్తరీయము నొక భుజముపై వైచుకొని, గొంతుకూర్చుండి, చేతులు జోడించును. తన దోషము చూచినదిగాని, విన్నదిగాని, శంకించినదిగాని యున్నచో దయతో తెలుపుఁడని, తెలిపినచో దిద్దుకొందునని మూఁడుమాఱులు వేఁడును. తరువాత చిన్నవారు వరుసగా నట్లే వేఁడుదురు. ప్రవారణ యనఁగా తప్పు చెప్పుటకు పిలుపు. ఒకమాఱు శ్రావస్తిలో ఐదువందల భిక్షువుల నడుమ బుద్ధుఁడే, తన చేఁతలోగాని మాటలోగాని దోషమున్నదా యని యడిగెనని సంయుత్తనికాయమునఁ గలదు.

నేఁడు మయన్మారు అనఁబడు బర్మాదేశమున ఈ పర్వమునకు మూఁడుదినములు దీపములు వెలిగింతురు. తల్లికి అభిధర్మము బోధించి బుద్ధుఁడు దేవలోకమునుండి దిగివచ్చినందులకు అది గుర్తు. పిన్నలు పండ్లు, వస్త్రములు తెచ్చి, తల్లిదండ్రులకు గురువులకు మ్రొక్కి, తమ తప్పులు క్షమింపుఁడని వేఁడుదురు. మఱునాఁటినుండి నెలలోపల గృహస్థులు సంఘమునకు వస్త్రమిత్తురు, అది కఠినదానము.

పిన్నలు మ్రొక్కుట మంచిదే. కాని మూలవిధిలో ముందు వంగినవాఁడు పెద్దవాఁడు. పెద్దలు అడిగినఁగాని పిన్నలు నోరు తెఱవరు. నేను చిరకాలము ఉపాధ్యాయుఁడనై పిల్లల తప్పులు ఎఱ్ఱసిరాతో దిద్దితిని. నా పాఠములో లోపమేమని ఒక్క పిల్లవానినైన అడిగి యెఱుఁగను. ఇంటను అంతే.

మన ఊళ్లలో అన్నదమ్ములు ఏండ్లతరబడి పలుకకుండుట, దానినే శాంతి యనుకొనుట మీ రెఱుఁగనిది కాదు. రాఁబోవు ఆశ్వయుజపూర్ణిమనాఁటి వెన్నెలలో మీకంటె చిన్నవాని నొకనిని చెంతకు పిలిచి అడిగి చూడుఁడు. నేను నా పెద్దకుమారునితో మొదలుపెట్టఁదలఁచితిని.