ఆకాశం నుంచి దిగిరాని వీరులు

చెక్క చట్రానికి గుడ్డ బిగించి చేసిన విమానాల్లో, చాలామంది పారాచూట్ కూడా లేకుండానే ఆకాశంలో పోరాడారు. అందులో ఎంతోమంది పాతికేళ్లు నిండకముందే నేలరాలారు. వందేళ్లు దాటిపోయినా వాయుసేనలు వాళ్లని మరచిపోలేదు. ఒకచోట విమానం తోకమీద బొమ్మగా, మరోచోట దళానికి పేరుగా వాళ్లు ఇప్పటికీ ఎగురుతూనే ఉన్నారు. మరి మన తొలి వీరుల సంగతేంటి?

ఏటా సెప్టెంబరు 11న ఫ్రాన్స్‌లోని వైమానిక స్థావరాలన్నిట్లోనూ సిబ్బంది బారులు తీరి నిలబడతారు. వారి ముందు కొన్ని వాక్యాలు చదివి వినిపిస్తారు. అవి ఏటా కొత్తగా రాసే ప్రసంగం కాదు. 1917లో ఓ కుర్రాడు యుద్ధానికెళ్లి తిరిగిరానప్పుడు అతడి సాహసాన్ని మెచ్చుకుంటూ సైన్యం రాసిన ప్రశంసాపత్రం. ఏళ్లు గడిచాయి, యుద్ధాలు మారాయి, విమానాలు మారాయి. చదివే మాటలు మాత్రం మారలేదు.

ఆ కుర్రాడి పేరు జార్జ్ గీన్‌మేర్. బక్కపలచని మనిషి. సైన్యంలో చేరతానని వెళ్తే ఆరోగ్యం బాగోలేదంటూ ఒకటికి రెండుసార్లు తిప్పి పంపేశారు. అయినా పట్టు వదల్లేదు. 1914 నవంబరులో మెకానిక్ శిక్షణలో చేరాడు. విమానాల దగ్గర చిన్నాచితకా పనులు చేస్తూనే పైలట్ అయ్యే అవకాశం సంపాదించాడు. మూడేళ్లు తిరక్కుండానే అతడి ఖాతాలో చేరిన శత్రువిమానాల లెక్క... 53! చివరికి 1917 సెప్టెంబరు 11న బెల్జియంలోని పోల్‌కాపెల్ మీదుగా ఎగురుతూ కనిపించకుండా పోయాడు. అప్పటికి వయసు 22. మృతదేహం దొరకలేదు. ‘అంతెత్తుకు ఎగిరాడు కాబట్టే కిందికి దిగలేకపోయాడు’ అని ఫ్రెంచి పిల్లలు చెప్పుకునేవారట.

సమాధి కూడా లేని మనిషిని ఎక్కడ తలచుకోవాలి? ఫ్రాన్స్ వాయుసేన దానికో మార్గం కనిపెట్టింది. గీన్‌మేర్ దళం తన విమానాలమీద వేసుకున్న గుర్తు రెక్కలు చాచిన కొంగ. ఆ కొంగ తరవాత తరాల విమానాల మీదికీ ఎక్కింది. గంటకు దాదాపు 200 కిలోమీటర్ల వేగంతో వెళ్లే స్పాడ్ నుంచి శబ్దానికి రెట్టింపు వేగాన్ని దాటే మిరాజ్ 2000 దాకా అన్నిటి మీదా వాలింది. ఆ దళం పేరే ‘సిగోన్య’... అంటే కొంగలు. ఇక ఫ్రెంచి వైమానిక అధికారులు శిక్షణ పొందే పాఠశాల నినాదం గీన్‌మేర్ నుంచి తీసుకున్నదే. ‘ఎదురు నిలువు’ అని దాని అర్థం.

కారెక్కిన గుర్రం

ఫెరారీ కారు మీద ముందుకాళ్లెత్తి నిలబడ్డ నల్లగుర్రాన్ని చూడనివాళ్లు అరుదు. అది ఓ యుద్ధ పైలట్‌దని చాలామందికి తెలియదు.

ఇటలీకి చెందిన ఫ్రాంచెస్కో బరక్కా మొదట అశ్వికదళంలో పనిచేశాడు. ఆ జ్ఞాపకంగానే తన విమానం పక్కన గుర్రం బొమ్మ వేయించుకున్నాడంటారు. మొదటి ప్రపంచయుద్ధంలో 34 విమానాల్ని కూల్చి ఇటలీలోకెల్లా మేటి అనిపించుకున్నాడు. 1918 జూన్ 19న మోంతెల్లో కొండ దగ్గర ప్రాణాలు కోల్పోయాడు. అయిదేళ్లు గడిచాక, 1923లో ఎంజో ఫెరారీ అనే యువ రేసర్ సావియో పందెం గెలిచాడు. ఆ రోజుల్లోనే బరక్కా తల్లిదండ్రులతో అతడికి పరిచయమైంది. ‘మా అబ్బాయి గుర్రాన్ని నీ కారుమీద పెట్టుకో, అదృష్టం కలిసొస్తుంది’ అని బరక్కా తల్లి చెప్పిందట. తన ఊరు మోదెనాకు గుర్తుగా ఫెరారీ దాని వెనక పసుపు రంగు చేర్చాడు.

కొడుకును పోగొట్టుకున్న తల్లి, అతడి గుర్తును మరో కుర్రాడి చేతిలో పెట్టింది. ఆ గుర్రం ప్రపంచమంతా తిరిగింది. ఇటలీ వాయుసేన కూడా దాన్ని వదులుకోలేదు. గ్రొసెతోలోని నాలుగో విభాగానికి చెందిన యూరోఫైటర్ విమానాల మీద ఇప్పటికీ అదే గుర్రం కనిపిస్తుంది. బరక్కా పుట్టిన లూగో పట్టణంలో ఆయన ఇల్లే మ్యూజియం అయింది.

పెట్టిన పేరు తీసేశారు!

వీరుణ్ని తలచుకోవడం అన్నిచోట్లా ఇంత తేలిక కాదు. ఆ ఇబ్బందేంటో జర్మనీకి బాగా తెలుసు.

‘రెడ్ బారన్’గా పేరుపడ్డ మన్‌ఫ్రెడ్ ఫాన్ రిచ్‌తోఫెన్ కూల్చిన విమానాలు 80. మొదటి ప్రపంచయుద్ధంలో అంతకు మించినవాడు లేడు. 1918 ఏప్రిల్ 21న అతడు ఫ్రాన్స్‌లో నేలకూలితే, పూర్తి సైనిక లాంఛనాలతో అంత్యక్రియలు జరిపించింది ఎవరో తెలుసా? అతడి శత్రువులైన ఆస్ట్రేలియా వాయుసైనికులు! అంతకు రెండేళ్ల ముందు వైమానిక పోరాటానికి ఎనిమిది సూత్రాలు రాసిపెట్టిన ఓస్వాల్డ్ బోల్కే చనిపోయినప్పుడూ అంతే. ఆ వీరుడి కోసం బ్రిటిష్ విమానం ఒకటి వచ్చి పూలదండ జారవిడిచి వెళ్లింది. నేటి జర్మనీ వాయుసేనలో రిచ్‌తోఫెన్ పేరుతో ఓ దళం, బోల్కే పేరుతో మరో దళం ఉన్నాయి.

వెర్నర్ మోల్డర్స్ కథ దారి వేరు. వందకు పైగా విమానాలు కూల్చిన తొలి పైలట్ అతడే. 1941లో విమాన ప్రమాదంలో చనిపోయాడు. న్యూబర్గ్‌లోని దళానికి అతడి పేరే పెట్టారు. కానీ స్పెయిన్ అంతర్యుద్ధంలో నియంత ఫ్రాంకో పక్షాన హిట్లర్ పంపిన ‘కాండర్ లీజియన్’లో మోల్డర్స్ పనిచేశాడు. స్పెయిన్‌లోని గెర్నికా పట్టణం మీద 1937లో బాంబులు కురిపించింది ఆ లీజియనే. అందులో ఉన్నవాళ్లను సైన్యం గౌరవించకూడదని జర్మనీ పార్లమెంటు 1998లో తీర్మానించింది. దాంతో 2005లో ఆ దళానికి మోల్డర్స్ పేరు తీసేశారు. మాజీ సైనికులు చాలామంది అభ్యంతరం చెప్పారు. ప్రభుత్వం వెనక్కి తగ్గలేదు. ఓ కుర్ర పైలట్ ఒక పేరును భుజాన వేసుకుని తిరుగుతున్నాడంటే, ఆ పేరు దేనికోసం పోరాడిందో కూడా అతడు జవాబు చెప్పుకోవాల్సిందే!

వారమంతా టైఫూన్... సెలవైతే స్పిట్‌ఫైర్

బ్రిటన్‌ది మరో పద్ధతి. అక్కడి వాయుసేన ఏకంగా పాత విమానాల్నే ఎగరేస్తుంది. 1957లో మొదలైన ఆ దళం ఇప్పుడు కానింగ్స్‌బీ స్థావరంలో ఉంది. దాని దగ్గర ఆరు స్పిట్‌ఫైర్లు, రెండు హరికేన్‌లు, ఓ లాంకాస్టర్ ఉన్నాయి. వాటిలో ఒక స్పిట్‌ఫైర్ 1940లో బ్రిటన్ గగనతల యుద్ధంలో నిజంగా పోరాడినదే. ఈ ఫైటర్లను నడిపేవాళ్లలో చాలామందికి అది రోజువారీ ఉద్యోగం కాదు. మామూలు రోజుల్లో అత్యాధునిక టైఫూన్‌లు నడుపుతూ, ప్రదర్శనల వేళ ఇష్టంగా వచ్చి తాతల కాలం నాటి కాక్‌పిట్‌లో కూర్చుంటారు.

దానికి మూల్యమూ ఉంది. 2024 మే 25న కానింగ్స్‌బీ దగ్గర స్పిట్‌ఫైర్ కూలి ఓ స్క్వాడ్రన్ లీడర్ ప్రాణాలు కోల్పోయారు. విమానాలు కొంతకాలం నేలమీదే ఉండిపోయాయి. ఆ తరవాత మళ్లీ ఎగిరాయి.

2015లో, అంటే ఆ యుద్ధానికి 75 ఏళ్లు నిండినప్పుడు, ఓ టైఫూన్ జెట్‌కు పాత హరికేన్ రంగులు వేశారు. అవి జేమ్స్ నికల్సన్ విమానం రంగులు. 1940 ఆగస్టు 16న మంటల్లో చిక్కుకున్న కాక్‌పిట్‌లోంచి దూకబోతూ కూడా, ఎదురుగా శత్రువు కనిపించేసరికి ఆగిపోయి తుపాకీ పేల్చినవాడు నికల్సన్. ఆ యుద్ధంలో విక్టోరియా క్రాస్ అందుకున్న ఫైటర్ పైలట్ ఆయనొక్కడే. ఆయన ప్రాణం పోయింది మాత్రం ఇంగ్లండులో కాదు... మన బంగాళాఖాతంలో! 1945 మే 2న ఆయన ప్రయాణిస్తున్న విమానం సముద్రంలో కూలిపోయింది.

రెండు వారాల్లో పది

ఇక మన విషయానికొద్దాం. అయిదు, అంతకంటే ఎక్కువ విమానాల్ని కూల్చినవాణ్ని ‘ఏస్’ అంటారు. ఆ మాటకు తగ్గ తొలి భారతీయుడు ఇంద్రలాల్ రాయ్.

1898 డిసెంబరు 2న కలకత్తాలో పుట్టి, లండన్‌లో చదువుకున్నాడు. చూపు సరిగా లేదంటూ వైమానిక దళం వాళ్లు వద్దంటే, మోటార్‌సైకిల్ అమ్మి ఆ డబ్బుతో పెద్ద కంటి డాక్టరుకు చూపించుకున్నాడట. ఆ డాక్టరు ఇచ్చిన కాగితంతో 1917లో దళంలో చేరాడు. అదే ఏడు డిసెంబరులో విమానం కూలింది. చనిపోయాడనుకుని శవాల గదిలో పడేస్తే, స్పృహ వచ్చి లోపలి నుంచి తలుపు బాదాడని చెబుతారు. ఎగరడానికి ఇక పనికిరావన్నా వినలేదు. వెంటపడి వెంటపడి మళ్లీ అనుమతి తెచ్చుకున్నాడు. 1918 జులై 6 నుంచి 19 వరకూ, రెండు వారాల్లోనే పది విజయాలు! మరో మూడు రోజులకు, జులై 22న, ఉత్తర ఫ్రాన్స్ గగనతలంలో జర్మన్ ఫోకర్ల చేతిలో కూలిపోయాడు. వయసు 19. డిస్టింగ్విష్డ్ ఫ్లయింగ్ క్రాస్ అతడి మరణానంతరం వచ్చింది. ఆ పతకం పొందిన తొలి భారతీయుడు అతడే.

అదే రోజుల్లో హర్‌దిత్ సింగ్ మలిక్ అనే సిక్కు యువకుడు తలపాగా తీయనని పట్టుబట్టి, దానిమీద పట్టేంత పెద్ద హెల్మెట్ పెట్టుకుని విమానం నడిపాడు. పోరులో కాల్లో దిగిన తూటాలు 1985లో చనిపోయేదాకా ఆయనతోనే ఉన్నాయి. స్వతంత్ర భారత రాయబారిగా ఆయన పనిచేసిన దేశాల్లో ఫ్రాన్స్ ఒకటి.

వీళ్లని మనం ఎలా తలచుకుంటున్నాం? రాయ్ పేరుతో కోల్‌కతాలో ఓ వీధి ఉంది. 1998లో శతజయంతికి తపాలాబిళ్ల వచ్చింది. మన స్క్వాడ్రన్‌లకు వ్యక్తుల పేర్లు పెట్టే ఆనవాయితీ లేదు. పైగా భారత వాయుసేన పుట్టిందే 1932 అక్టోబరు 8న. అప్పటికే రాయ్ పోయి పద్నాలుగేళ్లయింది. అతడు పోరాడిందీ బ్రిటిష్ జెండా కిందే. కాబట్టి మనవాడా, వాళ్లవాడా అన్న మీమాంస ఎప్పుడూ ఉండేదే. అయితే ఎస్తెవెల్ అనే ఫ్రెంచి పల్లెలోని అతడి సమాధిరాయి మీద బెంగాలీ అక్షరాలు కనిపిస్తాయి. ఇది మహావీరుడి సమాధి, గౌరవించండి, తాకకండి అన్నది వాటి సారాంశం.

స్వతంత్ర భారతం మాత్రం తన సొంత దారులు వేసుకుంటోంది. 1944లో బర్మా పోరులో హరికేన్‌లతో నంబర్ 1 స్క్వాడ్రన్‌ను నడిపిన అర్జన్ సింగ్ పేరును 2016లో పశ్చిమబెంగాల్‌లోని పానాగఢ్ స్థావరానికి పెట్టారు. అప్పుడు ఆయనకు 97 ఏళ్లు. బతికున్న మనిషి పేరు అలా పెట్టడం విశేషమే. ఢిల్లీలోని పాలం మ్యూజియంలో వాపిటీ నుంచి స్పిట్‌ఫైర్ దాకా తొలినాటి విమానాలు కొలువుదీరాయి. 2023లో చండీగఢ్‌లోనూ వాయుసేన వారసత్వ కేంద్రం తెరిచారు. రెండో ప్రపంచయుద్ధంలో హరికేన్ నడిపిన మహీందర్ సింగ్ పుజ్జీకి 2014లో విగ్రహం నిలబెట్టింది మాత్రం ఆయన స్థిరపడిన ఇంగ్లండులోని గ్రేవ్‌జెండ్ పట్టణం.

స్పిట్‌ఫైర్ మీద నిజాం తలపాగా

ఈ కథలో మన హైదరాబాద్‌కూ చోటుంది. మొదటి ప్రపంచయుద్ధంలో నిజాం ఇచ్చిన సొమ్ముతో విమానాలు సమకూరిన 110వ స్క్వాడ్రన్‌కు ‘హైదరాబాద్’ అని పేరు పెట్టారు. రెండో యుద్ధంలో అదే పేరు 152వ స్క్వాడ్రన్‌కూ వచ్చింది. 253వది ‘హైదరాబాద్ స్టేట్’ అయింది. బ్రిటన్ గగనతల యుద్ధంలో 152 స్పిట్‌ఫైర్లతో, 253 హరికేన్‌లతో పోరాడాయి. 152వ స్క్వాడ్రన్ అధికార చిహ్నం ఏమిటంటే... నిజాం తలపాగా! ఈ స్క్వాడ్రన్‌లేవీ ఇప్పుడు లేవు. హైదరాబాద్ పేరు మోసిన ఆ పైలట్లలో ఎంతమందికి ఈ ఊరు ఎక్కడుందో తెలుసో! ఆ సంగతి ఈ ఊళ్లోనే ఎంతమందికి గుర్తుందో!

అదే హైదరాబాద్ శివార్లలోని దుండిగల్‌లో ఇప్పుడు వైమానిక అకాడమీ ఉంది. 2016 జూన్ 18న దేశపు తొలి మహిళా ఫైటర్ పైలట్లు అవనీ చతుర్వేది, భావనా కాంత్, మోహనా సింగ్ అక్కడి పరేడ్ మైదానంలోనే అధికారులయ్యారు. చూపు లేదని, ఒళ్లు చాలదని, తలపాగా తీయమని ఒకప్పుడు రాయ్‌ని, గీన్‌మేర్‌ని, మలిక్‌ని గుమ్మంలోనే ఆపేశారు. ఆ గుమ్మం దాటడానికి ఈ ముగ్గురు అమ్మాయిలకు మరో తొంభై తొమ్మిదేళ్లు పట్టింది.

ఫ్రాన్స్‌లో సెప్టెంబరు 11న చదివే ఆ ప్రశంసాపత్రం గీన్‌మేర్‌కు ఎలాగూ వినిపించదు. అది వినేది బారులు తీరిన కుర్రాళ్లు. మన కుర్రాళ్లకూ ఏటా జులై 22న ఓ పంతొమ్మిదేళ్ల కలకత్తా అబ్బాయి కథ ఎవరైనా చదివి వినిపిస్తే ఎంత బాగుంటుంది!