కంప్యూటర్ ఎందుకు మొరాయిస్తుంది?

సింగపూర్‌లోని యూ టీ అనే ప్రాంతం భూమధ్యరేఖకు సుమారు 150 కిలోమీటర్ల దూరంలోనే ఉంది. ఏడాది పొడవునా ఉక్కపోతే. అక్కడి ఫ్లాట్‌లో హోంవర్క్ చేసుకుంటుంటే కంప్యూటర్ నత్తనడక నడిచిందనుకోండి, ఎక్కడ వెతకాలి?

కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మీటలు కలిపి నొక్కండి. విండోస్‌లో టాస్క్ మేనేజర్ తెరుచుకుంటుంది. సీపీయూ అన్న చోట నొక్కితే ప్రాసెసర్‌ను ఎక్కువగా వాడేస్తున్న ప్రోగ్రామ్ పైకొస్తుంది. తరచుగా అది బ్రౌజరే. అక్కర్లేని ట్యాబులు మూసేయండి. అప్‌డేట్, వైరస్ స్కాన్ అయితే కాసేపు ఆగండి, పని అయ్యాక అవే తగ్గుతాయి. డీటెయిల్స్ పేజీలో ‘సిస్టమ్ ఐడిల్ ప్రాసెస్’ పక్కన 95 కనిపిస్తే కంగారు వద్దు. అది ప్రాసెసర్ ఖాళీగా ఉందనడానికి గుర్తు!

అక్కడేమీ దొరకలేదా? అయితే వేడి సంగతి చూడాలి. చాలా ప్రాసెసర్లు 100 డిగ్రీల దరిదాపులకు చేరగానే కాలిపోకుండా తమ వేగం తామే తగ్గించుకుంటాయి. వేగం తగ్గితే అదే పనికి ఎక్కువ సేపు పడుతుంది. గది వేడిగా ఉండి, ఫ్యాన్‌కు దుమ్ము పట్టి, పైగా ల్యాప్‌టాప్‌ను పరుపు మీద పెడితే గాలి ఎలా ఆడుతుంది? బల్ల మీద పెట్టండి. దుమ్ము దులపాలంటే ముందు ఆపేసి, ప్లగ్ తీసి, పెద్దల సాయం తీసుకోండి.

వేడి బెడద పెద్ద యంత్రాలకూ ఉంది. అలాంటి యంత్రాలు ఉండే డేటా సెంటర్లను 26 డిగ్రీల్లోనూ, అంతకన్నా ఎక్కువ వేడిలోనూ నడిపేందుకు సింగపూర్ 2023లో ప్రమాణాలు తెచ్చింది. ఒక్కో డిగ్రీ పెంచితే చల్లబరిచే కరెంటు 2 నుంచి 5 శాతం ఆదా అవుతుందని అంచనా.

మీ కంప్యూటర్ నెమ్మదించిందని ‘ఒక్క క్లిక్‌తో వేగం’ అనే ప్రకటనలు చూసి మాత్రం ఏదీ డౌన్‌లోడ్ చేయకండి. వైరస్‌లు వచ్చే దారుల్లో అదొకటి.