మీకు తెలుసా? ఒకే తీగ మీద 128 పిలుపులు!

చిప్‌కు వచ్చే పిలుపు పేరు ఇంటరప్ట్. అది రాగానే చిప్ చేతిలో పని ఆపి లేస్తుంది. ఆ పిలుపుల గుట్టు ఒక్కొక్కటే వినండి!

కడప రైతు ఇంట్లో కూర్చుని ఫోన్ కొడతాడు. చేనులో బోరు మోటారు తిరుగుతుంది! మొబైల్ స్టార్టర్ పెట్టెలోని సిమ్ మోడ్యూల్ చేసేదల్లా ఒక పిన్‌ను కిందికి లాగడమే. సిమ్900 రకం మోడ్యూల్‌కు మెసేజ్ వస్తే ఆ పిన్ ఎంతసేపు కిందుంటుందో తెలుసా? సుమారు 120 మిల్లీసెకన్లే! అంతలోనే చిప్ నిద్ర లేవాలి!

కర్నూలు సోలార్ పార్క్ మీరు చూసే ఉంటారు. గని, శకునాల గ్రామాల దగ్గర, 1000 మెగావాట్లు! అక్కడి పలకల కరెంటును ఏసీగా మార్చేవి ఇన్వర్టర్లు. వాటిలోని చిప్పులకు పిలుపులు సెకనుకు వేలల్లో వస్తాయి! ఒక్కటి ఆలస్యమైనా కుదరదు!

ఆర్డువినో యూనో బోర్డు చూశారా? దాని మీది చిప్‌లో 23 పిన్నులు మార్పు కనిపిస్తే పిలవగలవు. కానీ ఆ పిలుపులు చేరే గుమ్మాలు మూడే! ఏ పిన్ పిలిచిందో చిప్ చెప్పదు. ఏ గుంపులోంచి వచ్చిందో మాత్రమే చెబుతుంది. పిలిచినదాన్ని వెతికి పట్టుకోవాల్సింది మన ప్రోగ్రామే!

1981లో వచ్చిన మొదటి ఐబీఎం పీసీలో పిలుపులు వినడానికి ఒకే ఒక్క చిప్. పేరు 8259. తీగలు ఎన్ని? ఎనిమిదే! కీబోర్డు, గడియారం, ఫ్లాపీ, ప్రింటర్... అన్నీ అందులోనే సర్దుకోవాలి!

1984లో పీసీ ఏటీ వచ్చింది. రెండో 8259 చేర్చారు. ఎనిమిదీ ఎనిమిదీ పదహారు కదా? కాదు, 15! రెండో చిప్ తన పిలుపులన్నిటినీ మొదటి చిప్‌లోని 2వ తీగ మీదే పంపుతుంది. ఆ ఒక్క తీగ గొలుసు కట్టడానికే పోయింది!

మొదటి చిప్‌కున్న అన్ని తీగలకూ ఒక్కో చిప్ తగిలిస్తే? 64 పిలుపులు! ప్రాసెసర్‌కు మాత్రం ఇంకా ఒకే తీగ!

ఇంకోటి వినండి! లైనస్ టోర్వాల్డ్స్ 1991లో హెల్సింకిలో లినక్స్ రాసింది ఏటీ రకం పీసీ మీదే. అంటే ఆ కెర్నల్ పుట్టిన రోజే దాని ఎదుట ఈ రెండు చిప్పుల గొలుసు ఉంది!

కేసీ కెనాల్ సుంకేసుల నుంచి కడప దాకా దాదాపు 306 కిలోమీటర్లు! పెద్ద కాలువలో వచ్చిన నీళ్లను ఏ తూముకు వదలాలో లష్కర్ చూసుకుంటాడు. లినక్స్‌లో చైన్డ్ హ్యాండ్లర్ చేసేదీ అదే పని! పై తీగ మీద పిలుపు వస్తుంది. ఎవరిదో హ్యాండ్లర్ కనిపెడుతుంది. సరైన డ్రైవర్‌కు అందిస్తుంది!

ఎలా కనిపెడుతుంది? కింది చిప్‌లోని స్టేటస్ రిజిస్టర్ చదువుతుంది. 32 బిట్ల రిజిస్టర్ అయితే ఒక్కసారి చదివితే చాలు, 32 పరికరాల సంగతి తేలిపోతుంది! ఏ బిట్‌లో 1 ఉందో ఆ పరికరమే పిలిచింది!

గొలుసులో రెండు చిప్పులున్నాయి. రెండింటిలోనూ 3వ పిన్ ఉంది. కెర్నల్ తికమక పడదా? పడదు! ఐఆర్‌క్యూ డొమైన్ అనే పట్టిక ఒక్కో పిన్‌కు విడి నంబర్ ఇస్తుంది. పిన్ నంబర్లు కలిసినా కెర్నల్ నంబర్లు కలవవు!

ఇప్పుడు అసలు సంగతి! ఎంసీపీ23017 అనే చిన్న చిప్‌లో పిలుపులు వినే పిన్నులు 16. ఒకే ఐ2సీ బస్సు మీద ఇలాంటివి ఎనిమిది పెట్టొచ్చు. వాటి ఇంటరప్ట్ పిన్నులన్నీ ఒకే తీగకు కలపొచ్చు. 128 పిలుపులకు ఒక్క తీగ! అయితే ఐ2సీ నిదానం, జవాబు కోసం ఆగాలి. చైన్డ్ హ్యాండ్లర్ ఆగకూడదు! అందుకే ఇక్కడ ఆ పనిని నెస్టెడ్ పద్ధతిలో థ్రెడ్‌కు అప్పగిస్తారు!

2015లో వచ్చిన రాస్ప్‌బెర్రీ పై 2లోనూ గొలుసుంది! నాలుగు కోర్ల కోసం కొత్త ఇంటరప్ట్ కంట్రోలర్ పెట్టారు. మరి పాతదాన్ని తీసేశారా? లేదు! కొత్తదాని కింద వేలాడదీశారు! పాత డ్రైవర్ చైన్డ్ హ్యాండ్లర్‌గా మారి పని చేసుకుపోయింది!

చైన్డ్ హ్యాండ్లర్ రాసేవాళ్లకు ప్రాణం లాంటివి 2 ఫంక్షన్లు! చైన్డ్ ఐఆర్‌క్యూ ఎంటర్, చైన్డ్ ఐఆర్‌క్యూ ఎగ్జిట్. రెండోది మరిచిపోతే పై తీగ మూగబోతుంది. దాని కిందున్న పరికరాలన్నీ మూగబోతాయి!

కొన్ని నంబర్లకు అర్థమే వేరు! ఏఆర్ఎం చిప్పుల్లోని జీఐసీ కంట్రోలర్‌ను "ఎవరు పిలిచారు?" అని అడగండి. 1023 అని వచ్చిందా? ఎవరూ పిలవలేదని అర్థం!

లినక్స్‌కు ఓపిక ఎంతో తెలుసా? ఒక తీగ మీద లక్ష పిలుపులు లెక్కపెడుతుంది. వాటిలో 99,900 కంటే ఎక్కువ ఎవరివీ కావని తేలితే, ఎవరూ పట్టించుకోలేదని సందేశం రాసి ఆ తీగనే మూసేస్తుంది! కానీ చైన్డ్ హ్యాండ్లర్ పెట్టిన పై తీగకు ఈ కాపలా లేదు! అక్కడ కాపలా డ్రైవర్ రాసినవాళ్ల జాగ్రత్తే!

చివరిగా ఒకటి, మీరే చేసి చూడండి! కర్నూలు ట్రిపుల్ ఐటీడీఎం విద్యార్థులారా, ఇడుపులపాయ ట్రిపుల్ ఐటీ పిల్లలారా, చైన్డ్ హ్యాండ్లర్ ఉన్న లినక్స్ బోర్డు మీద ప్రాక్ ఇంటరప్ట్స్ ఫైల్ తెరవండి. కింది పరికరాల లెక్కలు కనిపిస్తాయి. వాటన్నిటినీ మోసే పై తీగ వరుస ఎక్కడ? ఉండదు! దాని లెక్క 0 కాదు, అసలు ఆ వరుసే ఉండదు! చైన్డ్ హ్యాండ్లర్లు ఆ జాబితాకెక్కవు. డ్రైవర్ కోడ్ తెరవండి, ఆ తీగను మీరే పట్టుకోండి!