ఒంగోలు మూడొందల తర్వాత

2015 ఫిబ్రవరి. ఒంగోలు సి.ఎస్.ఆర్. శర్మ కళాశాల మైదానంలో ఆంధ్ర, గోవా జట్ల మధ్య రంజీ మ్యాచ్. ఇరవై ఒక్కేళ్ల కోన శ్రీకర్ భరత్ 311 బంతుల్లో 308 పరుగులు చేశాడు. రంజీ ట్రోఫీ 1934లో మొదలైంది. అప్పటి నుంచి భరత్‌కు ముందు ఒక్క వికెట్ కీపరు కూడా మూడొందలు కొట్టలేదు. ఆ రికార్డు ముంబయిలోనో బెంగళూరులోనో కాదు, కళ్లాల్లో మిర్చి ఆరబోసే రోజుల్లో మన ఒంగోలులో పుట్టింది. వాడరేవు ఇసుకలో టెన్నిస్ బంతితో ఆడే పిల్లలు బస్సెక్కితే చేరుకోగల మైదానం అది.

విశాఖ కుర్రాడైన భరత్‌కు టెస్టు టోపీ అందింది 2023 ఫిబ్రవరి 9న, నాగపూర్‌లో. ఒంగోలు నుంచి నాగపూర్‌కి సరిగ్గా ఎనిమిదేళ్లు పట్టింది. ఈ కథనం ఆ ఎనిమిదేళ్ల గురించే.

ఇరవై ఒకటిలో మూడొందలు కొట్టినవాణ్ని అందరూ వర్ధమాన ఆటగాడంటారు. ఇరవై ఐదు దాటితే ఆ మాట ఎవరూ అనరు. భరత్ ఇండియా 'ఎ' జట్టుకు ఆడుతూనే ఉన్నాడు, ఆంధ్రకు కీపింగ్ చేస్తూనే ఉన్నాడు. కానీ జట్టులో కీపరు స్థానం ఒక్కటే. బ్యాటరుకైతే ఆరింట్లో ఏదో ఒకటి ఖాళీ అవుతుంది. కీపరు మాత్రం ముందున్నవాడు తప్పుకునే దాకా ఆగాలి. ముందు వృద్ధిమాన్ సాహా ఉన్నాడు. 2018లో ఇరవై ఏళ్ల రిషభ్ పంత్ వచ్చాడు. భరత్ ఆట తగ్గలేదు, దారి మూసుకుపోయిందంతే.

2021 నవంబరులో కాన్పూర్ టెస్టు జరుగుతోంది. సాహాకు మెడ పట్టేసింది. సబ్‌స్టిట్యూట్‌గా వచ్చినవాడు కూడా కీపింగ్ చేయవచ్చని 2017లో నిబంధన మారబట్టి భరత్ గ్లవుజులు తొడుక్కున్నాడు. అశ్విన్ బౌలింగ్‌లో విల్ యంగ్ క్యాచ్ చాలా కిందుగా వచ్చింది. పట్టాడు, అంపైరు ఇవ్వకపోతే కెప్టెన్ చేత రివ్యూ అడిగించాడు. తర్వాత టామ్ లాథమ్‌ను స్టంపౌట్ చేశాడు. ఆ పిచ్‌పై బంతి పాదాల దగ్గరే ఆడుతోంది, అక్కడ కీపింగ్ చేయడం మామూలు పని కాదు. అయినా సబ్‌స్టిట్యూట్ పట్టిన క్యాచ్ అతని టెస్టు లెక్కలోకి రాదు. అది టెస్టు ఆడటం కిందకే రాదు. ఏళ్ల తరబడి దేశవాళీ మైదానాల్లో వేల బంతులు పట్టిన చేతులే ఆ రోజు భారత జట్టును కాచాయని నేను నమ్ముతాను.

2022 డిసెంబరు 30న పంత్ కారు ప్రమాదానికి గురయ్యాడు. అలాంటి దుర్ఘటన వల్ల తలుపు తెరుచుకోవాలని ఏ ఆటగాడూ కోరుకోడు. కానీ తెరుచుకున్నది అలాగే. అప్పటికి భరత్‌కు ఇరవై తొమ్మిది నిండాయి. ఆ తర్వాత ఆడింది ఏడు టెస్టులు, చేసింది 221 పరుగులు, అత్యధికం 44. చివరి టెస్టు 2024 ఫిబ్రవరిలో సొంతూరు విశాఖలోనే. ఆ తర్వాతి మ్యాచ్‌కు రాజ్‌కోట్‌లో ధ్రువ్ జురెల్ వచ్చాడు. అదే ఏడాది ఐపీఎల్ గెలిచిన కోల్‌కతా జట్టులో భరత్ పేరుంది, ఒక్క మ్యాచ్ మాత్రం దక్కలేదు.

గుంటూరు కోల్డ్ స్టోరేజీల్లో మిర్చి టిక్కీలు ధర కోసం ఎదురుచూస్తాయి, నిల్వ పెరిగేకొద్దీ సరుకు రంగు తగ్గుతుంది. ఆటగాడూ అంతేనని సెలెక్టర్లు అనుకుంటారు. అది తప్పని గుంటూరులోనే పుట్టిన అంబటి రాయుడు చూపించాడు. పదహారేళ్లకే రంజీల్లోకి వచ్చి, 2002లో ఆంధ్రపై ఒకే మ్యాచ్‌లో 210, 159 నాటౌట్ కొట్టి, 2004లో అండర్-19 ప్రపంచకప్‌లో భారత జట్టుకు నాయకుడయ్యాడు. 2007లో బోర్డు గుర్తింపు లేని ఇండియన్ క్రికెట్ లీగ్‌లోకి వెళ్లాడు. బోర్డు తలుపులు మూసింది, 2009లో క్షమించి తెరిచింది. ఇక అయిపోయాడన్నారు. 2013 జులై 24న హరారేలో తొలి వన్డే ఆడినప్పుడు ఇరవై ఎనిమిదికి రెండు నెలలు తక్కువ. ఆ రోజు 63 నాటౌట్. కెరీర్ మొత్తంలో 55 వన్డేల్లో 47 సగటుతో 1,694 పరుగులు. ఐపీఎల్‌లో అతని అత్యుత్తమ సీజన్ 2018, చెన్నై తరఫున 602 పరుగులు, ముప్పై రెండేళ్ల వయసులో.

అమెరికా బేస్‌బాల్‌లోనూ ఇదే కథ. పెద్ద లీగ్‌లోని 30 జట్ల కింద 120 చిన్న జట్లుంటాయి. ఇరవై ఏడేళ్ల అవుట్‌ఫీల్డరు పేరు ఆశావహుల జాబితాల్లో కనపడదు. పై జట్టులో ఎవరికైనా గాయమైతే మాత్రం ఆ రాత్రే విమానం ఎక్కాలి. జాబితాలో లేకపోయినా అతను రోజూ సిద్ధంగా ఉండాల్సిందే.

మన బోర్డు చేసిన మంచి పని ఒకటి చెప్పాలి. 2021లో దేశవాళీ ఫీజులు పెంచినప్పుడు అనుభవానికి విలువ కట్టారు. ఇరవై మ్యాచ్‌ల లోపు ఆడినవాడికి తుది జట్టులో ఉంటే రోజుకు 40,000, నలభై దాటినవాడికి 60,000 రూపాయలు. నాలుగు రోజుల మ్యాచ్‌కు రెండు లక్షల నలభై వేలు. ఐపీఎల్ వేలం చూడకుండా బతకగలిగే డబ్బు అది. ఆ భరోసా ఉంటే ఆటగాడు ఇరవై ఏడుకే ఉద్యోగం వెతుక్కోడు, పక్కనున్న పందొమ్మిదేళ్ల కుర్రాడికి నాలుగో రోజు పిచ్‌పై ఎలా నిలబడాలో చూపిస్తాడు.

2023-24 రంజీ సీజన్‌లో దేశంలోకెల్లా ఎక్కువ పరుగులు, 902, చేసినవాడు ఆంధ్ర బ్యాటరు రికీ భుయ్. అప్పటికతనికి ఇరవై ఏడేళ్లు. ఇలాంటివాళ్లు ఆడే మ్యాచ్‌లు ఒంగోలు లాంటి ఊళ్లకు ఏటా రావాలి, స్కోరు బోర్డుతో, కూర్చోడానికి నీడతో. టెస్టు జట్టులో చోటు పోయాక కూడా భరత్ ఆంధ్రకు ఆడటం మానలేదు. చీరాల, బాపట్ల పిల్లలు అతన్ని టీవీలో కాకుండా బౌండరీ తాడు పక్కన కూర్చుని చూసే ఏర్పాటు ఆంధ్ర క్రికెట్ సంఘం చేయాలి.