ఏ పిట్టకు ఏ తావు?

అక్కలారా! కాకి, గోరింక, పిచ్చుక మనకు తెలిసిన పిట్టలే. మరి రాజహంస మన ఆదోనిలో ఎందుకు కాపురం పెట్టదు?

ఏ పిట్టయినా రెండు చూసుకుంటుంది. ఒకటి తిండి. రెండోది గుడ్లు పెట్టే చోటు. ఆ రెండూ దొరికిన చోటే దాని ఇల్లు. మన దేశంలో మంచుకొండలున్నాయి. ఎడారి ఉంది. అడవులున్నాయి. సముద్రం ఉంది. అందుకే 1,300కు పైగా రకాల పిట్టలున్నాయి.

సూళ్లూరుపేట దగ్గర పులికాట్ సరస్సు ఉంది. నీళ్లు ఉప్పన, లోతు తక్కువ. పొడుగు కాళ్ల రాజహంసలు అందులో నిలబడి, వంకర ముక్కుతో నీళ్లు వడగట్టి తింటాయి. హిందూపురం వైపు వీరాపురం ఉంది. ఏటా పెద్ద కొంగలు వచ్చి ఊళ్లోని చింతచెట్ల మీద గూళ్లు కడతాయి. అవి వస్తే శుభమని ఊరివాళ్ల నమ్మకం. వాటిని ఎవరూ కొట్టరు.

మరి మన సీమ సంగతేంటి? ఎమ్మిగనూరు వైపు కాలువ పారే మళ్లలో కొంగలు తిరుగుతాయి. ఆదోని నల్లరేగడి చేలల్లో పాలపిట్ట, పసులపోలిగాడు పురుగుల్ని ఏరుకు తింటాయి. కూలి అడగకుండా మన పని చేస్తాయి. బీళ్లలో కంజులు, కౌజులు ఉంటాయి.

బీడు గడ్డిలో బతికే పెద్ద పిట్ట ఇంకొకటి ఉంది. అదే బట్టమేక పిట్ట. సుమారు మీటరు ఎత్తు. మగది 15 కిలోల దాకా తూగుతుంది. మన కోడి ఒకసారి పొదిగితే పది పిల్లలు. ఇది ఏడాదికి మామూలుగా ఒక్కటే గుడ్డు పెడుతుంది. అదీ నేల మీదే. పశువు తొక్కినా, కుక్క తిన్నా, నాగలి తగిలినా ఆ ఏటి పిల్ల పోయినట్టే.

దీని కోసం 1988లో రోళ్లపాడులో అభయారణ్యం పెట్టారు. అప్పుడది మన కర్నూలు జిల్లా. 2022 నుంచి నంద్యాల జిల్లా. అక్కడ జింకలు పెరిగి చుట్టుపక్కల పైర్లు మేశాయి. రైతులకు కోపమొచ్చింది. చుట్టూ ఉన్న బీళ్లు చేలయ్యాయి. ఇప్పుడు అక్కడ ఆ పిట్ట కనిపించడమే గగనం. మనకు పడమరన సిరుగుప్ప చేలల్లో ఈమధ్య ఏళ్లలోనూ కొన్ని కనిపించాయి. దేశం మొత్తంలో బయట తిరిగేవి సుమారు 150 మాత్రమేనని అంచనా. ఎక్కువ రాజస్థాన్‌లోనే ఉన్నాయి. అక్కడా కరెంటు తీగలు తగిలి చస్తున్నాయి.

పిట్ట నిలవాలంటే దాని తావు నిలవాలి. రైతు నష్టమూ తీరాలి. ఒకటి వదిలేస్తే రెండోది నిలవదు.

గడ్డి కోసేటప్పుడు నేల మీద గుడ్లు కనిపిస్తే ఆ నాలుగడుగులు వదలండి. మందు కలిపిన గింజలు బయట పారేయకండి. మీ చేలో కనిపించే పిట్టల పేర్లు నోటుబుక్కులో రాయండి. తర్వాత మీ అవ్వను అడగండి. ఆమె చిన్నప్పుడు ఉండి, ఇప్పుడు లేని పిట్ట ఏది? దాని పేరు కూడా రాయండి.